వంటింటి గడప మీంచి మంచుకొండ

మా మావగారు నా మొహం చూసి మాట్లాడడం మానేసిన ఏడాదిన్నరకి, ఆయనకు మంచుకొండ చూపించడానికి మేం నలుగురం సింగపూర్ నుంచి హిమాలయాలకు బయలుదేరాం. నలుగురంటే ఆయన, మా ఆయన, ఆరో తరగతి పరీక్షలు రాసి ఊపిరి పీల్చుకున్న మా అమ్మాయి, నేను. ఆయన నా మొహం చూడకపోవడానికీ ఆ కొండకీ ఏదో సంబంధం ఉంటుందని నాకు ఊహలో కూడా లేదు.

ముందు కొండ సంగతి చెప్తాను. మావగారికి తణుకులో ఫోటో స్టూడియో ఉండేది. నలభై ఏళ్ళు నడిపారు. స్టూడియోలో వెనక గోడకి పెద్ద గుడ్డ తెర. దాని మీద నీలం ఆకాశం, రెండు మంచుకొండలు, కింద చెరువు, చెరువులో రెండు హంసలు. సినిమా బోర్డులు రాసే ఆర్టిస్టొకాయన వేశాడట. ఆ మనిషి రాజమండ్రి దాటి ఎరగడు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళైన జంటలన్నీ ఆ కొండల ముందు నిలబడినవే. మా పెళ్ళయిన వారానికి మమ్మల్నీ నిలబెట్టారు. అత్తయ్యగారు పోయాక స్టూడియో మూసేసి మా దగ్గరికి వచ్చేటప్పుడు కెమెరాలన్నీ ఎవరెవరికో ఇచ్చేసి, ఆ తెరను మాత్రం చుట్టచుట్టి తెచ్చుకున్నారు. జురాంగ్ వెస్ట్‌లో మా ఫ్లాట్‌లో బాంబ్ షెల్టర్ కింద కట్టిన, మేం సామాన్లు పెట్టుకునే గదిలో, బియ్యం సంచుల పక్కన అది నిలబడి ఉంటుంది. ఎప్పుడైనా బియ్యం తీస్తుంటే హంస మెడ ఒకటి కనిపిస్తుంది.

ఇక రెండో సంగతి. అప్పట్లో శనివారాలు టోవా పాయోలో పిల్ల డాన్సు క్లాసు అయ్యాక మావగారే ట్రైన్‌లో ఇంటికి తీసుకొచ్చేవారు. ఒక శనివారం ఎదురు ప్లాట్‌ఫాం మీది ట్రైన్ ఎక్కేసి ఊరికి ఆ చివర యీషున్‌లో తేలారు. పిల్ల పుస్తకంలో తల దూర్చి ఉంది. ఆయన ఫోన్‌లో చార్జింగ్ లేదు. రెండు గంటలు వాళ్ళెక్కడున్నారో తెలియక నా పై ప్రాణాలు పైనే పోయాయి. చివరికి అక్కడెవరో ఆంటీ ఫోన్ ఇస్తే పిల్ల నాకు చేసింది. టాక్సీలో పరుగెత్తుకెళ్ళి, యీషున్ స్టేషన్ బయట, వచ్చేపోయేవాళ్ళంతా చూస్తుండగా ఆయన్ని కడిగేశాను. అంతంత అక్షరాలతో బోర్డులుంటే మీకు కళ్ళు కనిపించడం లేదా అన్నాను. పెద్దాయన, "పొరపాటైపోయిందమ్మా" అని ఒక్క మాటన్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ నాకు చిన్నప్పుడే చెప్పింది. నేను విన్నదెక్కడ.

అప్పటినుంచే గమనించాను. నేను మాట్లాడుతుంటే ఆయన మొహం పక్కకి తిప్పేస్తారు. కాఫీ ఇస్తే కిటికీ వైపు చూస్తూ అందుకుంటారు. భోజనాల బల్ల దగ్గర నాకు జవాబు చెప్తూ ఫ్రిజ్ వంక చూస్తారు. మాటలో కోపం ఉండదు, అదే మెత్తదనం, కానీ చూపు మాత్రం నా మీద ఉండదు. మిగతావాళ్ళ దగ్గర కూడా అలాగే చేసేవారేమో, నేను పట్టించుకోలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం నేను. యీషున్ మాట ఆయన మనసులోంచి పోలేదు, ఇక పోదు అని తేల్చేసుకున్నాను. ఒకసారి తేల్చుకున్నానంటే నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ తర్వాత కొన్ని నెలలకి పేపరు చదవలేకపోతున్నానన్నారని మా ఆయన ఆయన్ని కంటి డాక్టరుకి చూపించారు. సాయంత్రం వచ్చి చెప్పారు. "కంటి వెనక పొర మధ్యలో అరిగిపోతోందంట. ఆపరేషన్ లాంటిదేం లేదంట. నడిమి చూపు పోతుంది, అంచుల్లో మిగులుతుందంట." నేనప్పుడు ఆఫీసు కాల్‌లో ఉన్నాను. బ్యాంకు సాఫ్ట్‌వేర్ మార్చే రోజది, ఒక చెవిలో హెడ్‌ఫోన్, ఇంకో చెవిలో ఈయన మాట. అయ్యో అనుకున్నాను. విటమిన్ మాత్రలు రోజూ నేనే వేళకి ఇచ్చాను. అంచుల్లో మిగలడమంటే ఏమిటో మాత్రం ఎవర్నీ అడగలేదు.

పిల్ల పరీక్షలయ్యాక సెలవుల్లో ఎక్కడికి వెళ్దామని అందర్నీ అడుగుతూ తాతగారి దగ్గరికొచ్చింది.

"నిజం మంచుకొండ ఒకటి చూడాలమ్మా, ఉన్న చూపు ఉండగానే. నలభై ఏళ్ళు జనాన్ని దొంగ కొండ ముందు నిలబెట్టేను."

ఆ మాట కూడా కిటికీతోనే అన్నారు. నేను ఆ రాత్రే టిక్కెట్లు చూశాను. ఆయన కోసమే అని పైకి చెప్పాను. లోపల నాకో లెక్క ఉంది. కొండ చూపిస్తే, ఆ సంతోషంలోనైనా ఒకసారి నా మొహం చూస్తారని.

నవంబరులో ఆ కొండలన్నీ అద్దంలా కనిపిస్తాయని అందరూ చెప్పారు. మేం వెళ్ళిన రెండు రోజులూ మబ్బు. కుమావూ కొండల్లో ఒక చిన్న ఊళ్ళో, హోటల్ బాల్కనీలో కుర్చీలు వేసుకుని, తెల్లటి ఆవిరిని చూస్తూ కూర్చున్నాం. హోటల్ గోడలకి మాత్రం ఎటు చూసినా మంచుకొండల ఫోటోలే. మా ఆయన వాటిని చూసి, "నాన్న తెర తెచ్చుకున్నా సరిపోయేది" అన్నారు. నేను నవ్వలేదు. మూడో రోజు మా డ్రైవరు, ఇంకా పైన ఒక లాడ్జి ఉందనీ, మబ్బు కిందే ఉండిపోయి అక్కడ తేటగా ఉండొచ్చనీ చెప్పాడు. మాకు మిగిలింది ఒక్క రాత్రి. మర్నాడు మధ్యాహ్నానికల్లా కొండ దిగకపోతే ఢిల్లీ రైలు అందదు. అంటే చూడాల్సింది మర్నాటి పొద్దున్నే. చూడకపోతే మళ్ళీ ఏడాది. ఏడాదికి ఆయన చూపులో ఏం మిగులుతుందో ఎవరూ చెప్పలేరు.

లాడ్జి అంటే మేమేదో ఊహించుకున్నాం. అది నాలుగు గదుల రాతి ఇల్లు. పైకప్పు నల్లటి పలకరాళ్ళు, ఒకదాని మీద ఒకటి పేర్చినవి. తలుపులు ఎంత పొట్టివంటే ప్రతి గదికీ దణ్ణం పెట్టి లోపలికి పోవాలి. ముందు రాళ్ళు పరిచిన వాకిలి, ఒక పక్క వంటిల్లు, దానికి ఎదురుగా ఆవుల కొట్టం, కొట్టానికి ఎడమన వాకిలి చివర ఒక చెక్క బల్ల. బల్ల అవతల లోయ. లోయ అవతల, ఉంటే గింటే, కొండ.

ఆ ఇల్లంతా ఒక్క మనిషి నడుపుతుంది. అరవై ఏళ్ళుంటాయి. తలకి గుడ్డ, నడుముకి దోపిన కొడవలి, కాళ్ళకి రబ్బరు బూట్లు. అందరూ ఆమెను దీదీ అంటారు, మేమూ అన్నాం. గది తాళం ఇమ్మని నేనడిగితే ఆమెకి అర్థం కాలేదు. నా హిందీ అంతంత మాత్రం కాబట్టి మళ్ళీ చేత్తో తిప్పి చూపించాను. ఆమె గది తలుపు దగ్గరికి తీసుకెళ్ళి గొళ్ళెం వేసి చూపించింది. "గాలికి కొట్టుకోకుండా ఇది చాలు" అంది. మా ఫ్లాట్ తలుపుకి నంబరు నొక్కే తాళం, దాని ముందు ఇనప గేటుకి ఇంకో తాళం. ఆ గొళ్ళేన్ని చూస్తే నాకు మొదట భయమేసింది, కాసేపటికి ఎందుకో ఒంట్లో బిగువంతా వదిలినట్టయింది.

ఆమె పని చేసే తీరు చూస్తూ కూర్చోవచ్చు. పరుగెత్తదు, అరవదు, ఒకసారి లోపలికి పోతే రెండు పనులు చేసుకుని బయటికొస్తుంది. మేం దిగిన పది నిమిషాలకి కట్టెల పొయ్యి మీద కాచిన వేణ్ణీళ్ళు రెండు బకెట్లు గదుల ముందున్నాయి. పిల్ల వణుకుతుంటే అడగకుండానే ఉన్ని టోపీ తెచ్చి తలకి తొడిగింది. టీ ఇచ్చేటప్పుడు నాకూ మా ఆయనకూ గ్లాసులు బల్ల మీద పెట్టింది. మావగారి దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, ఆయన మొహంలోకి చూసి, పక్కనుంచి తీసుకొచ్చి చేతిలో పెట్టింది. పెద్దవాళ్ళంటే ఎంత మర్యాద అనుకున్నాను.

చీకటి పడకుండానే వసారాలో వరసగా కూర్చోబెట్టి భోజనం పెట్టింది. ముదురు రంగు రొట్టెలు, మీద నెయ్యి, ఒక గిన్నెలో చిక్కటి పప్పు. మా అమ్మాయి రొట్టెను వేలితో పొడిచి చూసింది.

"అమ్మా, వాట్ ఈజ్ దిస్? సో బ్లాక్ లా" అంది దాని సింగపూర్ ఇంగ్లీషులో.

మావగారు ముద్ద నోట్లో పెట్టుకుని నవ్వారు. "చోడిపిండి రొట్టె, మన రాగులే. ఈ పప్పు ఉలవలే అమ్మాయ్. మనూళ్ళో చారు కాస్తాం, వీళ్ళు పప్పు చేసేరు. అంతే తేడా." మూడో రొట్టె వేయించుకున్నారు. సింగపూర్‌లో ఆయన మూడో ఇడ్లీ వేయించుకోగా నేను చూడలేదు.

తినగానే పిల్ల లేచి అందరి కంచాలూ ఒకదానిలో ఒకటి పెట్టుకుని వంటింట్లోకి నడిచింది. సింగపూర్‌లో తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో తిన్న ట్రే తిన్నవాళ్ళే వెనక్కి పెట్టాలి, దానికి అదే అలవాటు. గడప మీద కాలు పెట్టేలోపల దీదీ చెయ్యి అడ్డం పెట్టింది. ఎంగిలి కంచాలు పొయ్యి దగ్గరికి పోకూడదట, బయట కుళాయి దగ్గర పెట్టాలట. అతిథులు ఎవరైనా సరే వంటింటి గడప ఇవతలే. కోపంగా చెప్పలేదు, పిల్ల బుగ్గ గిల్లి మరీ చెప్పింది. మా పిల్ల మొహం మాత్రం చిన్నబోయింది. ఇక్కడ పద్ధతి అది అని సర్దిచెప్పాను. పద్ధతుల గురించి దానికి పాఠం చెప్పిన పావుగంటకి నేను చేసిన పని ఇదీ.

మా తర్వాత ఢిల్లీ నుంచి నలుగురు కుర్రవాళ్ళు మోటారుసైకిళ్ళ మీద వచ్చి దిగారు. వాకిలి చివర ఉన్నది ఒక్కటే బల్ల. ముగ్గురు పడతారు. కొండ ఎదురుగా కనిపించేది అక్కణ్ణుంచే. ఈ నలుగురూ పొద్దున్నే లేచి దాన్ని ఆక్రమిస్తే మావగారి గతేమిటి. నేను హ్యాండ్‌బ్యాగ్‌లోంచి టిష్యూ ప్యాకెట్ తీసి బల్ల మధ్యలో పెట్టాను, గాలికి పోకుండా మీద ఒక రాయి పెట్టాను. సింగపూర్‌లో భోజనం వేళ టేబుల్ పట్టుకోవాలంటే ఇంతే. దాన్ని చోప్ చెయ్యడమంటారు. టిష్యూ ఉన్న టేబుల్‌ని మంత్రిగారు కూడా ముట్టుకోరు. పదిహేనేళ్ళుగా నేనిలాగే తింటున్నాను కాబట్టి, భూమ్మీద ఎక్కడైనా టిష్యూ ప్యాకెట్‌కి ఆ గౌరవం ఉంటుందని ఏ అనుమానమూ లేకుండా వెళ్ళి పడుకున్నాను. రజాయి కింద దూరితే బియ్యం సంచి మీద పడ్డంత బరువు. మా ఫ్లాట్‌లో ఏసీ కింద పట్టని నిద్ర అక్కడ పట్టింది.

తెల్లవారగట్ల మా ఆయన లేపారు. డ్రైవరు మాట నిజమైంది. లోయ నిండా మబ్బు పాలకుండలో మీగడలా కిందే ఉండిపోయింది. పైన ఆకాశం తేటగా ఉంది. దూరంగా, ఇంకా వెలుగు రాని చోట, ఏదో పెద్దది ఉందని మాత్రం తెలుస్తోంది. చేతికందిన స్వెటర్ తగిలించుకుని, మావగారికి కోటూ మఫ్లరూ చుట్టి, చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చాను.

బల్ల మీద ముగ్గురు కుర్రవాళ్ళు కూర్చున్నారు. నాలుగోవాడు వెనకాల నిలబడ్డాడు. టిష్యూ ప్యాకెట్ లేదు.

"ఇది మాది. రాత్రే టిష్యూ పెట్టాను" అన్నాను హిందీలో. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళలో ఒకతను ఎంతో మర్యాదగా జేబులోంచి తన రుమాలు తీసి నాకు ఇవ్వబోయాడు. జలుబు చేసిందనుకున్నాడు పాపం. నేను టిష్యూ, బల్ల, టిష్యూ, బల్ల అంటూ గొంతు పెంచాను. మా అమ్మాయి నా మోచెయ్యి లాగింది. "అమ్మా, హియర్ గాట్ నో చోప్ వన్ లా." ఇక్కడ చోప్‌లు చెల్లవని దాని బాధ. మా ఆయన పక్కనున్న చెట్టును చాలా శ్రద్ధగా చూస్తున్నారు.

దీదీ వంటింట్లోంచి బయటికొచ్చింది. ఆమె చేతిలో నా టిష్యూ ప్యాకెట్ ఉంది. ఎవరో మర్చిపోయారు, మంచుకి తడిసిపోతుందని తీసి దాచానంది. కుర్రవాళ్ళు అప్పటికే లేచేశారు. అసలు మావగారిని చూడగానే లేవబోయారట, నేనే మాట్లాడనివ్వలేదు. తలకొట్టేసినట్టయింది. అయినా సిగ్గుపడడానికి అప్పుడు తీరిక లేదు. మావగారిని బల్ల మధ్యలో కూర్చోబెట్టాను.

వెలుగు వచ్చింది. ముందు ఒక కొన ఎర్రబడింది, దాని పక్కన ఇంకోటి, ఇంకోటి. కుంకుమ రంగు మెల్లగా కిందికి జారి కొండంతా పాకింది. నేను నా జన్మలో అంత పెద్ద వస్తువును చూడలేదు. ఫోటోల్లో కొండ ఎక్కడో దూరంగా ఉంటుంది. ఇది మన మీదికి వచ్చి నిలబడుతుంది. నాకు మాట రాలేదు. నాకు మాట రాకపోవడం మా ఇంట్లో అరుదు.

మావగారి వైపు చూశాను. ఆయన మొహం కుడిపక్కకి, ఆవుల కొట్టం వైపు తిప్పుకుని కూర్చున్నారు. "అటు కాదు మావయ్యగారూ, ఇటు, ఎదురుగా" అని ఆయన రెండు చెంపలూ పట్టుకుని కొండకేసి తిప్పాను. ఆయన కాసేపు అలా ఉండి, మళ్ళీ మెల్లిగా కుడివైపు తిరిగారు. "అబ్బా, అటు కాదంటుంటే" అని మళ్ళీ తిప్పాను. ఈసారి ఆయన కదల్లేదు. నేను పెట్టిన చోటే మొహం ఉంచుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పిల్లాడు మాస్టారి ముందు కూర్చున్నట్టు కూర్చున్నారు.

"కనిపించిందా?"

"ఆ, బాగుందమ్మా."

నా ఉప్మాని కూడా ఆయన ఆ గొంతుతోనే బాగుందంటారు. ఆయనకేమీ కనిపించలేదని నాకు తెలిసిపోయింది. ఆలస్యమైపోయింది. ఇంత దూరం వచ్చి, ఆ కొండ ఆయన ఎదురుగా నిలబడి ఉంటే, ఆయన చూపు అయిపోయింది. నాకు ఏడుపొస్తే అది కోపంగానే బయటికొస్తుంది. కిందటేడు ఎక్కడికైనా వెళ్దామన్నప్పుడే ఇక్కడికి రావలసింది, ఆఫీసులో సెలవు దొరకదన్నారు కదా అని మా ఆయన మీద పడ్డాను. ఆయన కళ్ళలో కూడా నీళ్ళున్నాయి. ఈలోగా కొండ మీది ఎరుపు పోయి బంగారు రంగు, అదీ పోయి తెలుపు మొదలైంది. లోయలో మబ్బు కదులుతోంది. ఇంకో పావుగంటకి అది పైకి లేస్తుందని కుర్రవాళ్ళు అనుకుంటున్నారు.

దీదీ వచ్చి మావగారి ముందు గొంతుక్కూర్చుంది. ఆయన కళ్ళ ముందు చెయ్యి అటూ ఇటూ ఆడించింది. తర్వాత నాకేసి చూసింది. "ఈయన్ని ఇక్కడ ఎందుకు కూర్చోబెట్టావు?" అంది. నేను జవాబు చెప్పేలోపల ఆయన చెయ్యి పట్టుకుని లేపి, వాకిలి దాటించి, వంటింటి గడప మీద కూర్చోబెట్టింది. రాత్రి నా కూతుర్ని కాలు పెట్టనివ్వని గడప అది. వీపు ద్వారబంధానికి ఆనించి, వెనక పొయ్యి వెచ్చదనం తగిలేలా సర్ది, మొహం సూటిగా ఆవుల కొట్టం వైపు పెట్టింది. కొండ ఆయనకి ఎడమపక్కన పడింది.

"బాబా, ఆవునే చూస్తూ ఉండండి. కొండ కోసం వెతక్కండి. అదే వస్తుంది."

తర్వాత నాకు చెప్పింది. వాళ్ళ అత్తగారికి ఇదే జబ్బట. పదేళ్ళు ఈ గడప మీద ఇలాగే కూర్చుని కొండ చూసిందట. "ఎదురుగా పెడితే నలుపు తప్ప ఏమీ కనిపించేది కాదు. పక్కన పెడితే అన్నీ కనిపించేవి. నేను దొంగతనంగా బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే గోడకేసి చూస్తూనే తిట్టేది. నిన్న టీ ఇచ్చినప్పుడే పోల్చుకున్నాను. మీకు తెలుసుననుకున్నాను."

మాకు తెలియదు. మా ఆయనకి డాక్టరు చెప్పాడు, నాకు మా ఆయన చెప్పారు, అందరం విన్నాం. ఎవరికీ తెలియలేదు.

మావగారు ఆవు వైపు చూస్తూ కూర్చున్నారు. ఆవు ఈయన్ని చూస్తూ నెమరేస్తోంది. తర్వాత ఆయన పెదవులు విచ్చుకున్నాయి.

"మూడు కొనలురా" అన్నారు మా ఆయనతో. "ఒకటి పెద్దది, రెండు చిన్నవి. నీడలు నీలంగా లేవు, బూడిద రంగులో ఉన్నాయి. అంచులు కాస్త మసగ్గా ఉన్నా తెలుస్తోంది. మన ఆర్టిస్టు రెండే వేసేడు. పైగా చెరువొకటి, హంసలొకటి." ఆయన నవ్వుతున్నారు, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. "నీడలు తప్పు వేసేడని అప్పుడే అన్నాన్రా నేను. వాడు ఒప్పుకోలేదు."

మా అమ్మాయి ఆయన పక్కన గడప కింద కూర్చుంది. మా ఆయన తడి బట్టలు ఆరేసే దండెం దగ్గరికి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నారు. నేను మాత్రం కదల్లేకపోయాను. నా బుర్రలో కొండ లేదు. కిటికీ ఉంది, ఫ్రిజ్ ఉంది, ఏడాదిన్నర కాఫీలున్నాయి. యీషున్‌లో బోర్డు ఎందుకు చదవలేకపోయారో అప్పుడు అర్థమైంది. కళ్ళు కనిపించడం లేదా అని అడిగాను కదా. అవును, కనిపించడం లేదు. మొహం తిప్పుకున్నారని నేను కుమిలిపోయిన ప్రతిసారీ ఆయన నన్ను చూడడానికే తిప్పారు. ఇందాక కొండను చూడడానికి తిప్పితే చెంపలు పట్టుకుని వెనక్కి లాగినదాన్ని, రెండుసార్లు, నేనే. రెండోసారి ఆయన ఎదురు చెప్పకుండా ఊరుకున్నారు. ఇంకోసారి నా చేత తిట్లు తినడం కంటే కొండ వదులుకోవడమే నయమనుకున్నారు కాబోలు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఆయనకి ఎడమవైపు, కొండకి అడ్డం రాకుండా, వెళ్ళి నిలబడ్డాను. ఆయన ఆవు మీంచి చూపు తిప్పలేదు.

"మావయ్యగారూ, నేను కనిపిస్తున్నానా?"

"కనిపించకేమమ్మా. చలికి ముక్కు ఎర్రబడింది. స్వెటరు తిరగేసి తొడుక్కున్నావు. కుట్లన్నీ బయటికే ఉన్నాయి."

చూసుకున్నాను. నిజమే. అప్పటికి గంట సేపటినుంచి మా ఆయన, నా కూతురు, నలుగురు కుర్రవాళ్ళు, అందరూ నన్ను ఎదురుగా చూస్తూనే ఉన్నారు, ఒక్కళ్ళూ చెప్పలేదు. నేను అక్కడే చతికిలబడి ఏడ్చాను. యీషున్‌లో అన్న మాట తప్పు మావయ్యగారూ అన్నాను.

"యీషునా? అదెప్పుడో మర్చిపోయేను. నువ్వు భయపడిపోయేవు, అంతే కదా." మళ్ళీ తనే, "ఏడవకు. ఏడిస్తే నీ మొహం ఫోటోకి పనికిరాదు" అన్నారు.

మబ్బు లోయలోంచి లేచింది. ముందు చిన్న కొనలు రెండూ పోయాయి, తర్వాత పెద్దది. మావగారు అదీ చూశారు. చివరి ముక్క పోయేదాకా, ఏమేం పోతున్నాయో పిల్లకి చెప్తూనే ఉన్నారు. దీదీ ఆయన వెనకనుంచి వంగి పొయ్యి మీది వేడి రొట్టె ఒకటి చేతిలో పెట్టింది.

కొండ దిగేముందు అందరం గడప దగ్గర ఫోటో దిగాం. నాకు రుమాలు ఇవ్వబోయిన కుర్రవాడే తీశాడు. "అంకుల్, ఇటు చూడండి" అని రెండుసార్లు అన్నాడు. మావగారు కొట్టం వైపు తిరిగి ఉన్నారు. చెంపలు పట్టుకుని తిప్పడానికి నా చేతులు అలవాటుగా లేచాయి. దింపేసుకున్నాను. "ఆయన చూస్తూనే ఉన్నారు, మీరు తీసెయ్యండి" అన్నాను.

ఆ ఫోటో ఇప్పుడు మా హాల్లో ఉంది. మా ఆయన కళ్ళు మూసుకున్నారు, పిల్ల ఆవును చూసి నవ్వుతోంది, నేను మావగారిని చూస్తున్నాను. ఇంటికొచ్చిన వాళ్ళు దాన్ని చూసి, అంతా బాగుంది కానీ పెద్దాయన ఒక్కరే ఎటో చూస్తున్నారే అంటారు. అందులో కెమెరాను చూస్తున్నది ఆయన ఒక్కరే.